ఆంథోని తిన్న నలభై ముద్దలు

సారపాకల కాగితం మిల్లు గేటు ఎదురుంగ పున్నమ్మ చాయ్ బండి కాడ పొద్దున నలుగురు జమైతే చాలు, ఆంథోనికి నాలుక దురద పెడ్తది. ఆయన క్రేన్ ఆపరేటర్. లారీల మీదికెళ్లి జామాయిల్ కర్ర ఎత్తి కుప్పేసుడు పని. ఎత్తేది టన్నయితే చెప్పేది వంద టన్నులు. కానీ ఇయ్యాల ఆయన ఊకె కోతలు కోస్తలేడు. బల్ల చివరన జంపయ్య కూసున్నడు.

పన్నెండేండ్ల సంది క్రేన్ కింద నిలబడి ఎత్తు, దించు అని చేత్తోని సైగలు చేసేది ఈ జంపయ్యనే. మధ్యాహ్నం ఇద్దరు ఒక్క కాడ కూసోని డబ్బాలు ఇప్పేది, వీని కూర వానికి, వాని కూర వీనికి. హైదరాబాద్ పోయొచ్చిన కాడికెళ్లి, నెల రోజులాయె, జంపయ్య తన డబ్బా పట్టుకోని వేరే షెడ్డుకు పోతున్నడు. ఎందుకు పోతున్నడో ఆంథోనికి బాగ ఎరుక. తప్పయిందిరా అని అనుటానికి నోరు రాదు. నవ్విస్తే మర్సిపోతడేమో అని ఒక ఆశ.

"బెన్నీ, ఇథియోపియా హోటల్ల ఎన్నడన్న తిన్నవా?" అని మొదలువెట్టిండు.

బెన్నీ మిల్లుల ఎలక్ట్రీషియన్. "గది యాడుంటదన్నా?" అన్నడు.

"టోలిచౌకిల! పోయిన నెల సేఫ్టీ ట్రైనింగ్ అని నన్నూ జంపయ్యనూ పంపిచ్చిండ్రు గదా, మన లారీ డ్రైవర్ ఖాలిద్ గూడ మాతోని వచ్చిండు, పైన వాళ్లక్క జెబా ఇల్లు, కింద ఈ హోటల్. పోయి కూసున్నమో లేదో ఒకామె చెంబుతోని మా చేతుల మీద నీళ్లు పోసింది. ముగ్గురికి కలిపి ఒక్కటే పళ్లెం. దాని నిండ దోశ లెక్కటిది పరిసి, దాని మీద యాడికాడ కూరలు. చెంచా లేదు, వేరే ప్లేట్ లేదు. పక్కకు ఇంకిన్ని దోశలు సుట్టలు సుట్టి పెట్టిండ్రు, మెత్తగ, పుల్లగ. మన జంపయ్య అవి తువ్వాలలు అనుకోని చేతులు తుడుసుకున్నడు!"

అందరు పకపక నవ్విండ్రు. జంపయ్య మాత్రం నవ్వలే.

"తుడుసుకున్నది నువ్వన్నా" అన్నడు మెల్లగ.

నవ్వు ఇంకింత పెద్దగైంది. ఆంథోని గూడ నవ్విండు. వీడు ఒక్క మాట విప్పిండు. రెండో మాట విప్పితే తన బతుకేంగావాలె? సందియ్యకుండ మాట్లాడుడే గతి అనుకున్నడు.

"సరే, ఎవడో ఒకడు తుడుసుకున్నడు తియ్. అసలు ముచ్చట ఇనుండ్రి. కూర నోట్ల పెట్టుకున్న, చప్పగున్నది. కారం లేదా అమ్మా అన్న. ఆమెకు రోషమొచ్చి లోపలికెళ్లి ఎర్రపొడి గిన్నె తెచ్చింది. పెండ్లిళ్లల్ల చిటికెడేస్తే ఊరంత ఏడుస్తదట, నేను గిన్నె ఎత్తి నోట్ల ఒంపుకున్న, చెమట సుక్క పట్టలే! అప్పుడు నా జేబులకెళ్లి మన ఖమ్మం మిరపకాయ ఒక్కటి తీసి, ఇగో ఇది చూడమ్మా అని ఇచ్చిన. కొరికిందో లేదో, రెండు చెవులకెళ్లి పొగ! ఆ పొగ చూసి పక్కోళ్లు ఫోన్ కొడితే ఫైరింజన్ వచ్చి నిలబడ్డది."

"జేబుల మిరపకాయలు పెట్టుకోని తిరుగుతవా నువ్వు?" అన్నది పున్నమ్మ, చాయ్ వడపోసుకుంట.

"ఎప్పటికుంటయ్ పున్నక్కా! ఆ తర్వాత ఏమైందో ఎరుకనా? ఫైరింజనోళ్లకు గూడ ఆకలైంది. పళ్లెం సాలలే. పెద్ద దోశ పొయ్యిండ్రి అన్న. పెనం లేదన్నరు. గల్లీ ఈ మొగదల నుంచి ఆ మొగదల దాక రేకులు పరిపిచ్చి, కింద మంట పెట్టిపిచ్చి, దాని మీద పోపిచ్చిన. ఇగ ఎత్తేదెవ్వలు? అక్కడ రోడ్డు తవ్వే జేసీబీ ఉంటె డ్రైవర్‌ను దింపి నేనెక్కిన. అంచు గూడ చినగకుండ ఎత్తి, మడత పెట్టి, మేడ మీద ఆరబెట్టిన. టోలిచౌకి మొత్తం నీడ!"

బెన్నీ పొట్ట పట్టుకోని నవ్వుతున్నడు. ఆంథోని ఓరకంట జంపయ్య దిక్కు చూసిండు. జంపయ్య చాయ్ గ్లాసులకే చూస్తున్నడు. మూతి మీద నవ్వు జాడ లేదు.

"మరి అంత దోశ ముగ్గురు ఎట్ల తిన్నరన్నా?" అన్నడు బెన్నీ.

"మేమొక్కలమే ఎందుకు తింటం? వాళ్ల కాడ ఒక రివాజున్నది. దోస్తు మీద ప్రేమ ఉంటె, ముద్ద చేసి, తన చేత్తోని దోస్తు నోట్ల పెడ్తరు. గుర్షా అంటరట. కాదనొద్దు. కాదంటే మనిషినే కాదన్నట్టు."

అన్నంక గానీ ఆంథోనికి తెలువలే తనెక్కడికి వచ్చి పడ్డడో. ఏ మాట కాడికి పోవద్దని ఇంతసేపు సుట్టు తిరిగిండో, ఆ మాట కాడికే తన కాళ్లతోని తనే నడిచిండు. జంపయ్య గ్లాసు బల్ల మీద పెట్టిండు. ఆంథోని ఇగ ఆగలే.

"నాకు పెట్టనీకి లైన్ కట్టిండ్రు! నలభై మంది! ఒక్కొక్కని ముద్ద కొబ్బరికాయంత. నేను ఒక్కటి గూడ కాదనలే. నా పేరు వాళ్ల దేశం దాక పాకింది. అక్కడికెళ్లి ఒక ముసలమ్మ విమానమెక్కి వచ్చింది, ఈ పిల్లగానికి నేనొక ముద్ద పెట్టాలె అని. విమానం గల్లీలనే దిగింది. ఇంజిన్ బంద్ చెయ్యకుండనే పైలట్ గూడ దిగి ఒక ముద్ద పెట్టి పోయిండు!"

"మరి జంపయ్య పెట్టిండా నీకు?" అన్నది పున్నమ్మ. ఆమె ఊకెనే అడిగింది. అడిగి గ్లాసులు కడుక్కుంటున్నది.

ఆంథోని లోపల లెక్కేసుకున్నడు. లేదు అంటే, ఎందుకు పెట్టలే అంటరు. పెట్టిండు, నేనే తినలే అంటే, ఎందుకు తినలే అంటరు. ఆ ఎందుకుకు జవాబు తనకు ఎరుకనే, అది నలుగుట్ల చెప్పేది కాదు. జంపయ్య ఇప్పుడు తలెత్తి తననే చూస్తున్నడు.

"పెట్టక? మొట్టమొదటి ముద్ద వీనిదే! నలభై ముద్దల్ల వీని ముద్దంత రుచి దేనికీ లేదు. కండ్లల్ల నీళ్లు తిరిగినయ్ అనుకో..."

జంపయ్య లేసి నిలబడ్డడు.

"అన్నా, చెవులకెళ్లి పొగ వచ్చిందన్నవ్, ఇన్న. జేసీబీతోని దోశ ఎత్తినన్నవ్, ఇన్న. విమానం గల్లీల దిగిందన్నవ్, అది గూడ ఇన్న. నా ముద్ద తిన్ననని మాత్రం చెప్పకు."

బెన్నీ నవ్వు సగంల ఆగింది.

"నోటి కాడికి తెస్తే మూతి తిప్పుకున్నవ్. కడుపు నిండిందన్నవ్. అప్పటికి పళ్లెం సగం గూడ కాలే. ఆ ఎనుకనే ఖాలిద్ పెడితే తిన్నవ్. నా చెయ్యి అట్లనే గాల్ల ఉండె, హోటలామె చూసుకుంట నిలబడె." జంపయ్య మిల్లు దిక్కు చెయ్యి చూపిండు. "పన్నెండేండ్లాయె అన్నా, టన్ను కర్ర నెత్తి మీద ఏలాడుతుంటె నీ చేతిని నమ్మి కింద నిలబడుతున్న. నా చేతిల ఒక్క ముద్దకు నీకు నోరు రాలే."

ఆంథోని గ్లాసుల చాయ్ సల్లగైంది. ఇంకో కథ అల్లనీకి దారి ఎతికిండు. దొరకలే.

"నలభై మందన్నవ్ గదన్నా?" అన్నడు బెన్నీ, ఏదన్న అనాలె గాబట్టి.

"లేరు."

"జేసీబీ?"

"అది లేదు, ముసలమ్మ లేదు, ఏం లేదు. ఖాలిద్, నేను, వీడు. అంతే." ఆంథోని తల దించుకున్నడు. "నాకోసం చేసిన ముద్ద నేను వద్దంటే, నా ముంగట్నే తల వంచుకోని వాడే తిన్నడు."

"ఎందుకయ్యా వద్దన్నవ్?" అన్నది పున్నమ్మ.

"గూడెంల కోయోని చెయ్యి, నాకంటె తక్కువోని చెయ్యి అనుకున్న." ఆ మాట బయటికి రాంగనే మొకం మండిపోయింది ఆంథోనికి. "ఎన్నడు అట్ల అనుకోలే అక్కా. వాని డబ్బాల కూర గరిటెతోని ఏసుకోని తిన్నోన్నే. చెయ్యి నోటి కాడికి రాంగనే మూతి తిరిగిపోయింది. సిగ్గుతోని సస్తున్న నెల నుంచి. తప్పయిందిరా జంపయ్యా."

మిల్లు సైరన్ మోగింది. జంపయ్య బల్ల కింద ఉన్న తన డబ్బా తీసుకోని, కండ్లు తుడుసుకోని, రెండడుగులేసి ఆగిండు.

"మా ఇంటామె ఎండుచేపల కూర పెట్టింది" అన్నడు, ఎనుకకు చూడకుండనే. "మధ్యాహ్నం పాత జాగల కూసుంట. ముద్ద నేనే చేసి పెడ్త. నోరు మూసినవంటే ఇగ మల్ల అడగ."

ఆంథోని ఏదో పెద్ద మాట అందామని నోరు తెరిసిండు.

"వస్త" అన్నడు.