తలగడ కింద చెయ్యి

ప్రదర్శన అయిపోయింది. మేకప్ గదిలో అక్క ముఖం మీది రంగు తుడుచుకుంటోంది. యుద్ధం నుంచి ఇల్లు చేరిన సైనికుల మీద ఆ నృత్యనాటకం ఆమే కూర్చింది. ఈమధ్యే అలా ఇల్లు చేరిన తమ్ముడు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"లోపలికి రారా. ఎలా ఉంది?"

"చప్పట్లు కొట్టీ కొట్టీ జనం చేతులు వాచిపోయి ఉంటాయి."

"జనం సంగతి కాదు, నీకెలా ఉంది?"

"నిద్రలో తలగడ కింద తుపాకీ కోసం తడుముకుంటాడు చూడు ఒకడు, వాడు నేనే కదూ?"

ఆమె రంగు తుడుచుకోవడం ఆపింది.

"నువ్వు నిద్రలో అలా తడుముకున్న మధ్యాహ్నం నీ గది తలుపు తీసే ఉందిరా. నాటకంలో పెట్టేముందు నిన్నొక మాట అడగాల్సింది."

"నా బాధ అడగనందుకు కాదక్కా. పళ్ళు కొరకడం, కాళ్ళు ముడుచుకోవడం, ఒక్కటీ వదల్లేదు. అంతసేపూ అక్కడే ఉన్నావా?"

"ఉన్నాను."

"నాటకంలో అక్క వేషం నీదేగా. పరుగెత్తుకొచ్చి వాణ్ణి లేపి, ఒళ్ళో పడుకోబెట్టుకున్నావు."

"ఊఁ."

"మరి ఆ రోజు నన్ను లేపలేదేం?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. అద్దంలో వాడి కళ్ళు చూసి మింగేసింది.

"లేపితే ఆ కదలికలు ఆగిపోతాయని."