గారు పెట్టి రాయి

రెండువేల అయిదు, జూన్ నెల. విజయవాడ గవర్నర్‌పేటలో రెండో అంతస్తు మీద పద్మశ్రీ నడిపే ఇంటర్నెట్ సెంటరు. బందరు అవతల కొత్తపాలెం మత్స్యకారుల సంఘానికి ప్రెసిడెంటైన బంగార్రాజుకి ఇంగ్లీషు అక్షరం రాదు. అందుకని తమ్ముడి కూతురు పద్మశ్రీ పక్కన కుర్చీ లాక్కుని, తాను చెప్పింది చెప్పినట్టు టైపు కొట్టమని కూర్చున్నాడు. చెప్పింది చెప్పినట్టు కొట్టే పిల్లయితే ఈ గొడవే లేదు.

“వాడికి గారేంటి పెదనాన్నా? ఒరే అని కొడతా.”

“గారు పెట్టు.”

“నలభై ఇళ్ళ వలలు తగలబెట్టించినోడికి గారా?”

“కిరీటి గారికి బంగార్రాజు నమస్కరించి రాయునది. కొట్టు.”

“వాడు వార్త వేసిన ఈ ఇంటర్నెట్ గ్రూపులో ఇట్లా ఎవరూ రాయరు. ఇదేం పోస్టు కార్డు కాదు.”

“నమస్కరించి, కొట్టావా?”

“కొట్టా.”

“ఏదీ, ఎక్కడ?”

“ఇదిగో. తెలుగు మాటే, ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటది. అందరూ ఇట్లాగే రాసుకుంటారు.”

“సరే. తమరు రాసిన వార్త మా ఊరంతా నమ్మింది...”

“తమరు వద్దు. తమరు అంటే వెటకారం అనుకుంటారు.”

“తమరు వెటకారం ఎప్పుడయింది?”

“బెజవాడలో అంతే. మీరు అని పెడతా.”

“పెట్టు. మీరు రాసిన వార్త మా ఊరంతా నమ్మింది. సునామీలో చిరిగిన వలలు ఒడ్డున కాల్చి, ఆ బూడిద మూట గట్టుకెళ్ళి మండలాఫీసులో చూపిస్తే ఇంటికో కొత్త నెట్టు ఇస్తారని రాశారు. వేట నిషేధం రోజులు గనక వలలన్నీ ఒడ్డునే ఉన్నాయి. చిరిగినవీ మంచివీ ఏరలేదు. అన్నీ కాల్చాం. కొట్టావా?”

“కొడతన్నా.”

“నలభై మూటలు నెత్తిన పెట్టుకుని వెళ్ళాం. అక్కడి బంట్రోతు ఒక మూట విప్పి చూసి, లోపలికెళ్ళి అందర్నీ పిలుచుకొచ్చాడు. అందరూ నవ్వారు. ఆడోళ్ళ ముందు నవ్వారు.”

“ఆ ముక్క ఎందుకు? మన పరువు మనమే తీసుకోవటం.”

“కొట్టమన్నానా? నిషేధం తీరి, ఒకటో తారీకు నించి చుట్టుపక్కల ఊళ్ళ పడవలన్నీ సముద్రం మీదకి పోయినయ్. మాయి ఒడ్డున ఎండుతున్నయ్. ఈ విషయంలో మాకూ మీకూ అభిప్రాయ భేదం ఉన్నది.”

“అభిప్రాయ భేదమా? ఎక్కడ నేర్చుకున్నావ్ ఈ మాట?”

“సంఘం మీటింగుల్లో పన్నెండేళ్ళ నించి అవేగా. భేదం ఉన్నది, అయినా గానీ మర్యాదగా మాట్లాడుకోవచ్చునని మా మనవి.”

“ఇంక చాలు. నేనిట్లా కొట్టను. సిగ్గుండాలని రాస్తా. వాడి చెయ్యి పడిపోవాలని రాస్తా.”

“రాస్తే?”

“రాస్తే ఏముంది, గ్రూపులోంచి నన్ను తీసేస్తారు. తీసేస్తే తీసేశారు. వాడితో మాటలు తెగిపోతాయి, పీడా పోతది.”

“నీకెందుకే మాటలు తెగిపోవాలని అంత తొందర? వలలు పోయింది మావి.”

“మా అమ్మది పోలేదా?”

“పోయింది. మొట్టమొదట పోయింది మీ అమ్మ పేరమ్మదే. మీ నాన్న చేతులారా అల్లిన వల. నా కూతురు చదివి ఫోన్ చేసిందంటే అచ్చులో పడ్డట్టేనని, అందరికన్నా ముందు అదే అగ్గిపుల్ల గీసింది. అది గీసింది గనకే మిగతా ముప్పై తొమ్మిదీ మంటలో పడ్డాయి.”

“సెండ్ కొట్టనా వద్దా?”

“చివర గారు పెట్టావా?”

“మొదట్లో పెట్టాగా.”

“చివర కూడా పెట్టు. అప్పుడు కొట్టు.”

“...పోయింది. ఇంక ఊరికి బయల్దేరు పెదనాన్నా. వాడు రేపో ఎల్లుండో చూసుకుంటాడు. జవాబొస్తే ఫోన్ చేస్తా.”

“కూర్చుంటా.”

“కస్టమర్లొస్తారు.”

“వాళ్ళకి ఆ కుర్చీలున్నయ్. నేను దీంట్లో కూర్చుంటా.”

“కరెంటు పోయేట్టుంది.”

“పోయినప్పుడు చూద్దాం. అదిగో, అదేంటి? నల్లగా కొత్త గీత పడింది పైన.”

“అదేదో ప్రకటన.”

“ఇందాక నువ్వే చెప్పావ్, కొత్త ఉత్తరం నల్లగా పడుద్దని. తియ్యి.”

“బంగార్రాజు గారికి నమస్కారం. మీ బాధ నాకు అర్థమైంది. అంతే.”

“అంతేనా? ఇంత పొడుగుంటే.”

“మిగతాదంతా కింద కంపెనీవాళ్ళ ప్రకటనలు.”

“ఇదిగో ఈ ముక్క ఏంటి? ఇక్కడొకటి, ఇక్కడొకటి, ఇదిగో మళ్ళీ. మూడుసార్లుంది.”

“అదా... క్షమించండి అని.”

“మూడుసార్లు అడిగాడా?”

“మర్యాదస్తుడు.”

“ఇందాక ఒరే అంటానన్నావ్, ఇప్పుడు మర్యాదస్తుడు అయ్యాడా?”

“పైకి మర్యాద. లోపల వేరే. నాలుగు మాటలు గట్టిగా కొట్టనియ్యి, అప్పుడు తెలుస్తది.”

“గట్టిగా వద్దు. మెత్తగా కొట్టు. కిరీటి గారూ, మీ పెద్దమనసుకి సంతోషం.”

“పెదనాన్నా.”

“కొట్టు. ఇట్లా తెర మీద రాసుకుంటే మనసులు కలవ్వు. తమ ఇల్లెక్కడో సెలవిస్తే, తమ కాదు, మీ ఇల్లు. వచ్చి ముఖాముఖి కూర్చుని మాట్లాడుకుంటాం.”

“ఇల్లెందుకు?”

“మాట్లాడుకోటానికి.”

“ఇక్కడ మాట్లాడుకుంటన్నాంగా.”

“ఇక్కడ నువ్వు మాట్లాడతన్నావ్. నేను వింటన్నా.”

“అంటే ఏంటి నీ ఉద్దేశం?”

“నా ఉద్దేశం ఏమీ లేదు. కొట్టు. గారు మర్చిపోమాక.”

“బెజవాడ మనుషులు అడగ్గానే ఇల్లు చెప్పరు. అడిగితే అనుమానపడతారు.”

“గారు పెట్టి అడిగితే ఎందుకు అనుమానపడతారు? సెండ్ కొట్టావా?”

“కొట్టా. ఇవ్వడు చూడు.”

“అన్నయ్యా, దొరికిందా? కింద లారీలో మాడిపోతన్నాం. డ్రైవరు వెనక్కి పోతానంటన్నాడు.”

“జక్కయ్యా, పిలిచిందాకా పైకి రావద్దన్నానా లేదా?”

“జక్కయ్య బాబాయ్, ఆ చేతిలో తెడ్డేంటి? గవర్నర్‌పేటలో పడవేస్తావా?”

“పడవలేసే రాత ఎక్కడుందమ్మా ఇప్పుడు. వల లేని పడవకి తెడ్డుతో పనేంటి? దీనికైనా పనికొస్తదని తెచ్చా.”

“దేనికి?”

“మీ పెదనాన్న చెప్పలా?”

“జక్కయ్యా, కిందకి పో.”

“ఎంతమందొచ్చారు బాబాయ్?”

“పదకొండు మందిమి. మనిషికో తెడ్డు. ఆడి ఇల్లు దొరికితే పొద్దుగూకేలోపు ఊరికెళ్ళిపోతాం.”

“పోవయ్యా కిందకి. పో.”

“పోతన్నా అన్నయ్యా. తొందరగా కానీ.”

“అట్లా చూడకే. తెర చూడు.”

“గారు గారు అంది ఇందుకా?”

“మరి? ఒరే అంటే ఇల్లు చెప్తాడా?”

“చంపేస్తారా?”

“చంపం. మళ్ళీ నవ్వు రాకుండా చేస్తాం.”

“పోలీసులు పట్టుకెళ్తారు.”

“పట్టుకెళ్ళనీ. లోపల అన్నమన్నా పెడతారు. ఊళ్ళో అది కూడా లేదు.”

“పెదనాన్నా, వాడింట్లో పెద్దావిడ ఉంది. వాళ్ళమ్మ. ఆమె ముందు కొడతారా?”

“వాళ్ళమ్మ ఉందని నీకెట్లా తెలుసు?”

“...మొన్న రాశాడు.”

“మొన్న నువ్వు రాసినదానికి జవాబు రాలేదన్నావ్ ఫోన్లో.”

“చిన్నది వచ్చింది. చెప్పేంత ఏముందిలే అని.”

“వాడి తల్లి గురించి రాస్తే చెప్పేంత లేదా? ఇంకేం రాశాడు?”

“గుర్తులేదు.”

“పద్మా. అదిగో, నల్ల గీత.”

“అది వేరే వాళ్ళది.”

“తియ్యి.”

“పెదనాన్నా, నా మాట విను.”

“తియ్యమన్నానా. ఆఁ. గ్రూపులో వేశాడా?”

“కాదు. విడిగా నాకే పంపాడు.”

“అయితే ఎడ్రసే.”

“ఎడ్రసు ఇవ్వలేదు.”

“ఇచ్చాడు. అక్షరాలు రావు గానీ అంకెలు నాకొచ్చు. ఇదిగో, ఇరవై తొమ్మిది, గీత, పదిహేను, గీత, నలభై. డోరు నంబరు. దాని పక్కన వీధి పేరుంటది. చదువు.”

“ముందు పైన రాసింది విను.”

“పైది నాకెందుకు?”

“విను. ఇప్పటిదాకా చదివినట్టు కాదు. ఉన్నదున్నట్టు చదువుతా. బంగార్రాజు గారూ, అభిప్రాయ భేదం ఉండి కూడా ఇంత మర్యాదగా రాసింది మీరొక్కరే. తప్పకుండా రండి. మా అమ్మ సీతారావమ్మ మీకు వంట చేస్తానంటోంది. భోజనం చేసి వెళ్ళాలి.”

“సంతోషం. వీధి.”

“అయిపోలా. నేను రాసింది వార్త కాదండీ, వ్యంగ్యం. ఆ సంగతి పద్మశ్రీ గారికి మొన్న రెండుసార్లు రాశాను, ఇందాక కూడా రాశాను. అందులో ఊరు కోతలపాలెం. కోతలు కోసేవాళ్ళ ఊరని నవ్వుకోటానికి పెట్టిన పేరు. మీ కొత్తపాలెం కాదు.”

“ఆగు. ఏంటదీ?”

“కోతలపాలెం. ఇంగ్లీషు అక్షరాల్లో రెండూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. మధ్యలో ఒక్క ముక్క ఎక్కువ. నేను చూళ్ళా.”

“కానియ్యి.”

“నెట్టు అంటే వల కాదని, ఇంటర్నెట్టని చివరి పేరాలో ఉంది. వలలడిగితే కంప్యూటర్లిచ్చే ప్రభుత్వం మీద రాశాను. మీకు చదివి చెప్పినవాళ్ళు చివరిదాకా చదవలేదేమో. వాళ్ళనేమీ అనకండి. నా నవ్వులాట మీ పొట్ట మీద కొట్టింది గనక మీ ఊరొచ్చి అందరి ముందూ నిలబడతాను. అంతే. ఇంక అడుగున ఎడ్రసు.”

“తప్పించుకోటానికి రాశాడు.”

“కాదు పెదనాన్నా. ఆ రోజు నేను చదివింది ఇంకా దీంట్లో ఉంది. చూపించనా? ఇక్కడిదాకా చదివా. ఇక్కడ ఆపి ఫోన్ దగ్గరకి పరిగెత్తా. కిందకి జరపలా.”

“ఎందుకు జరపలా?”

“మన ఊరి పేరు ఇంటర్నెట్టులో కనపడింది. నాలుగేళ్ళ నించి ఈ కుర్చీలో కూర్చుని ప్రపంచంలో ఊళ్ళన్నీ చూశా, మన ఊరు ఒక్కసారి కూడా చూళ్ళా. సంతోషం పట్టలేకపోయా.”

“మూడుసార్లున్న ముక్క క్షమించండి కాదా?”

“వ్యంగ్యం.”

“వారం నించి నాతో అబద్ధాలు చెప్తన్నావా?”

“భయమేసింది.”

“నలభై కొంపలు. నీ తల్లి కొంప మొదటిది. వారం నించి నేను వాణ్ణి బూతులు తిడుతుంటే, ఫోన్లో ఊ కొట్టావు. పైగా ఒరే అని రాస్తానంటావు.”

“వాడు విసుక్కుని జవాబులు మానేస్తే నా సంగతి బయటపడదని.”

“మీ నాన్న ఉంటే ఏం చేసేవాడో తెలుసా?”

“తెలుసు.”

“నోర్ముయ్. కళ్ళు తుడుచుకో. ఇప్పుడు నేను చెప్పింది చెయ్యి. వాడి వీధి పేరు చదువు.”

“ఇంకా ఎందుకు?”

“కింద పదకొండు మంది ఉన్నారు. బందరు నించి ఇంతదూరం తెడ్లు పట్టుకుని వచ్చారు. ఉత్త చేతుల్తో పోతారా? ఎవడో ఒకడు దొరకాలి. వాడు దొరికితే నాలుగు తగిలించి, కడుపుమంట చల్లార్చుకుని పోతారు. వాడు లేకపోతే చదివిందెవరని అడుగుతారు.”

“వాడి తప్పు లేదుగా.”

“రాసిందాడే. అది చాలు. నువ్వు మన పిల్లవి, వాడెవడో. ఈ సంగతి ఈ కుర్చీ దాటదు. నేను చచ్చిందాకా నా నోట రాదు. నువ్వు ఎప్పట్లా ఊరొస్తావ్, మీ అమ్మ పక్కలో పడుకుంటావ్. లేదా ఈ జన్మకి ఆ ఊరి పొలిమేర తొక్కలేవు. తేల్చుకో.”

“ఆయన భోజనానికి రమ్మన్నాడు పెదనాన్నా.”

“ఆయన ఎప్పుడయ్యాడే? వీధి చదువు. ఏం నొక్కావ్? ఏం నొక్కావే? తెర ఖాళీ అయిందేంటి?”

“డిలీట్ చేశా.”

“తిక్కముండా. మళ్ళీ తెప్పించు.”

“రాదు.”

“ఇరవై తొమ్మిది, పదిహేను... తర్వాతెంత? నలభయ్యా, నలభై నాలుగా? ఏ వీధి?”

“గుర్తులేదు. ఇది మాత్రం అబద్ధమే. చెప్పను.”

“మెట్ల మీద అడుగులు. జక్కయ్య వస్తన్నాడు. వినవే, ఇప్పుడు కూడా మించిపోలా. జవాబు రాలేదని చెప్తా, రేపు చూద్దామంటా. నువ్వు నోరు మెదపమాక.”

“అన్నయ్యా, ఇంక మావల్ల కాదు. కుర్రాళ్ళు లారీ దిగి మెట్ల కింద నిలబడ్డారు. ఎడ్రసు వచ్చిందా లేదా?”

“రాలేదు జక్కయ్యా.”

“వచ్చింది బాబాయ్. చెప్తా రాసుకో. గవర్నర్‌పేట, రెండో అంతస్తు, ఇంటర్నెట్ సెంటరు, కిటికీ పక్క కుర్చీ. అందర్నీ పైకి రమ్మను.”