ఓడెల్ కారు తోలిందెవరు?

గార్లండ్ కొట్టు వసారాలో కూర్చుని, హోయ్ట్ స్టామీ తన కోలా సీసాలో ఉప్పు వేరుశనగపప్పులు పోసుకున్నాడంటే ఆ పూటకి కోతలు మొదలైనట్టే.

ఆ రోజు మాత్రం ఆ కోతల వెనక ఓ ఆశ ఉంది. ఓడెల్ ట్రిప్లెట్‌ని మట్టి చేసి వారం తిరగలేదు. ఆ నార్త్ కరొలినా కొండల్లో, ఆ ఎర్రమట్టి ట్రాకు మీద, ఓడెల్‌ని మించి కారు పందేలు గెలిచినవాడు లేడు. పోయిన డ్రైవరు కారుని శనివారం పందేలకి ముందు ఒంటరిగా ఒక్క చుట్టు తిప్పడం వాళ్ళ ఆనవాయితీ. ఆ చుట్టు ఎవరు తోలాలో తేల్చడానికే ట్రాకు యజమాని ఎన్నిస్ వచ్చి కూర్చున్నాడు. ఓడెల్ భార్య వెర్లీన్ ఓ పక్కన బీన్సుకాయలు విరుస్తోంది. ఓడెల్ కారుకి టైర్లు మార్చీ మార్చీ ముసలివాడైపోయిన హోయ్ట్‌కి, ఆ ఒక్క చుట్టు తనకి దక్కితే చాలు, ఇక చచ్చిపోయినా ఫరవాలేదనిపిస్తోంది.

"గొప్పలు చెప్పుకునే అలవాటు నాకు లేదనుకో," అని ఎత్తుకున్నాడు. "కానీ మీ నాన్న పెట్టించిన ఆ లేబర్ డే పందెం ఉందే ఎన్నిస్, అందులో సగం నుంచీ కారు తోలింది ఓడెల్ కాదు. నేను."

ఎన్నిస్ సీసా నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. "ఏంటీ?"

"మధ్యలో ఒకడి కారు బోల్తా కొట్టిందా, ఎర్రజెండా ఊపి అందర్నీ ఆపేశారా, ఓడెల్‌కేమో పొగ తలకెక్కి మా ట్రక్కు వెనకాల ఒకటే వాంతులు. నేను వాడి హెల్మెట్ పెట్టుకుని, దుమ్ముకి అడ్డంగా మూతికి గుడ్డ కట్టుకుని కూర్చున్నా. జనం ఓడెలే అనుకున్నారు. మధ్యలో ఎవడు తోలినా గెలుపు మొదలెట్టినవాడి పేరునే రాస్తారు కదా! పోనీలే అని ఊరుకున్నా. నాకు పేరు పిచ్చి లేదు."

"లేదు పాపం," అన్నాడు గార్లండ్.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? వదిలా చూడు కారుని, రెండో చుట్టుకల్లా నా ముందు ఇంకో కారు, ఎంతకీ దారివ్వదు. 'తప్పుకోరా సన్నాసీ' అని తిట్టుకుంటూ దగ్గరికెళ్ళి నంబరు చూద్దును కదా, పద్నాలుగు! నా కారే! నా వెనక నేనే పడ్డాను!"

"ఓరి నీ దుంప తెగ!" అన్నాడు గార్లండ్.

"విను మరి. ఇంతలో పెట్రోలు అయిపోయింది. ఓడెల్ శుక్రవారాలు దొంగసారా మోసేవాడని మీకందరికీ తెలుసు. సీటు కింద జాడీ ఒకటి మిగిలిపోయింది. ఎడం చేత్తో స్టీరింగు పట్టుకుని, కుడి చెయ్యి వెనక్కి చాపి టాంకీలో పోసేశా."

"టాంకీ డిక్కీలో కదయ్యా! నీ చెయ్యి అంత పొడవా?" అన్నాడు ఎన్నిస్.

"అప్పట్లో పొడవే. ఇక ఆ సారా తాగిన కారు ఆగుతుందా? ఎక్కిళ్ళు పెట్టుకుంటూ కంచె దూకి, పక్క పొలంలో గుడారం వేసి ప్రార్థన చేసుకుంటుంటే ఇట్నుంచి దూరి అట్నుంచి తేలింది. పాస్టరు 'మారుమనస్సు పొందండి' అంటున్నాడా, నన్ను చూసి ముందు ఆయనే పొందాడు. బానెట్ మీద ఎవరమ్మదో పువ్వుల టోపీ. ఆ టోపీతోనే మళ్ళీ కంచె దూకి ట్రాకు మీద పడితే, అప్పటికీ ముందున్నది నేనే! పందెం ముగిసిందని గళ్ళజెండా పడేసరికి కారు కొలిమిలా మండిపోతోంది. తలుపు ఒక్క తన్ను తన్ని బయటికి దూకేశా!"

వెర్లీన్ చేతిలో కాయ విరగలేదు.

"ఏ తలుపు, హోయ్ట్?"

"డ్రైవరు వైపుది, వదినా."

"బోల్తా పడితే ఊడిపోకుండా ఆ తలుపులు రెండూ మా ఆయన వెల్డింగు పెట్టి మూసేశాడుగా! ఎవరెక్కినా దిగినా కిటికీలోంచే."

గార్లండ్ వసారా అదిరేలా నవ్వాడు. హోయ్ట్ మొహం పాలిపోయింది. అది తెలియనివాడా! కోతల హోరులో నాలుక కారుకంటే ముందు పరిగెత్తింది.

"అయితే ఓడెలే తోలాడన్నమాట," అని ఎన్నిస్ ఊపిరి తీసుకున్నాడు.

"లేదు," అంది వెర్లీన్. "నేను తోలాను."

గార్లండ్ నవ్వు సగంలో తెగింది.

"మీ నాన్న ఆడవాళ్ళని లోపలి కంచె దాటనిచ్చేవాడు కాదు ఎన్నిస్. వాంతుల సంగతి మాత్రం నిజం. మా ఆయన ఓవరాల్స్ తొడుక్కుని కిటికీలోంచి దూరాను. తెలిస్తే గెలుపు లాగేసుకుంటారని మా ఆయన బతికున్నన్నాళ్ళూ నోరు కుట్టేసుకున్నాను."

ఎన్నిస్ సీసా కింద పెట్టాడు. "సాక్ష్యం ఎవరమ్మా?" అన్నాడు.

"అదిగో, నీ పక్కనే. కంచె బయట్నుంచే కేకేసి, నీళ్ళు తెమ్మని ఇతన్ని పంపేసి మరీ ఎక్కాను. చెప్పు హోయ్ట్, తిరిగొచ్చేసరికి మా ఆయన ఎక్కడున్నాడు?"

హోయ్ట్ సీసాలో పప్పులకేసి చూశాడు. నిజం చెబితే తన చుట్టు పోయినట్టే. చెప్పకపోతే, ఆ వసారాలో ఆవిడ మాట నమ్మేవాడుండడు.

"ట్రక్కులో పడున్నాడు," అన్నాడు మెల్లిగా. "కారేమో ట్రాకు మీద దూసుకుపోతోంది. తోలిందెవరురా అని అడిగితే ఓడెల్ ఎప్పుడూ నవ్వేవాడే గాని చెప్పలేదు. ఇన్నేళ్ళూ ఆ సీటు నాదని ఎవరూ రాకపోతే, ఖాళీయే కదా అని నేను కూర్చున్నా వదినా."

ఎన్నిస్ లేచి నిలబడి టోపీ తీశాడు. "శనివారం మీరే తోలాలమ్మా."

"తోల్తాను. కిటికీ ఎక్కడానికే మోకాళ్ళు లేవవు. హోయ్టే నన్నెత్తి లోపల కూర్చోబెట్టాలి."

హోయ్ట్ మీసం నెమ్మదిగా పైకి లేచింది.

"ఒంటిచేత్తో ఎత్తేస్తా వదినా! ఓసారి ఇంజనుతో సహా ట్రక్కునే ఎత్తి, ఆ తర్వాత ఏమైందో తెలుసా..."

"రెండు చేతులూ పెట్టు," అంది వెర్లీన్. "కింద పడేశావో, ఆ చుట్టు నీ మీంచే తిప్పుతా."