సంతలో ఎనక్కి నడిసిన ఎడ్లు

సుంకులమ్మ అని ఒక పిల్ల ఉండె. వాళ్లమ్మ మారుమనువు చేసుకున్న మొగుణ్ణి ఆ పిల్ల ఒక్కనాడన్నా నాయనా అని పిలిసిన పాపాన పోలేదంట. ఎవురన్నా దోవలో ఆపి, ఏమ్మే, మీ నాయన ఇంట్లో ఉండాడా అంటే, మా నాయన సచ్చిపోయినాడు, మా అమ్మ మొగుడు ఉండాడు, పిలుసుకో పో అనేదంట. మొగాన కొట్టినట్ల చెప్పేది. నవ్వుతారేంది, మీ ఇండ్లల్లో ఇట్లాంటివి లేవా? ఆ పిల్లకు అప్పుడు పద్నాలుగో పదైదో ఏండ్లు. ఆ వయసులో కన్నతండ్రి మాటే చెవికెక్కదు, ఇంక నడుమ వచ్చినోని మాట యాడెక్కుతుంది.

వాళ్ల నాయన కంబన్న. బాయి కింద రాగి మడి పెట్టుకొని బతికిన మనిషి. అప్పట్లో ఈ మోటార్లు యాడివి, కపిల తోలాల్సిందే. ఈ పిల్లోళ్లకు తెలీదు గానీ, కపిల అంటే తోలు బొక్కెన బాయిలోకి దించి, మోకు ఎడ్లకు కట్టి పల్లం దోవన తోలితే, బొక్కెన పైకొచ్చి నీళ్లు కుమ్మరిస్తుంది. మళ్లా ఎడ్లు ఎనక్కి నడిసి గడ్డకొస్తే బొక్కెన కిందికి దిగుతుంది. ముందుకు పోయేది ఏ ఎద్దుకైనా వచ్చు. ఎనక్కి నడవాలంటేనే మనిషి పాట పాడాల. కంబన్న ఏంజేసినాడు, కర్రిగాడు, బూడిదోడు అని ఆ రెండెడ్లనూ దూడలప్పటినుంచి సాకి, పాట తానే కట్టి నేర్పినాడు.

పోరా కర్రిగా పొద్దెక్కిపాయ
పోరా బూడిదా పైరెండిపాయ
ఎనక్కి రారా కంబన్న పిలిసె

ఆ 'కంబన్న పిలిసె' అనే మాట ఇంటే చాలు, రెండెడ్లూ కుదురుగా ఎనక్కి అడుగేసేవి. అట్లాంటి మనిషి జరమొచ్చి పోయినాడు. పోయినాక కపిల తోలిందెవురనుకుంటిరి, ఈ సుంకులమ్మే. పావడ ఎగగట్టి, మోకు మీద కూసోని, నాయన పాట నాయన లెక్కనే పాడేది. ఆ పిల్లకు అది పాట కాదు, పొద్దున్నుంచి మాపటిదాకా నాయన పేరు నోరారా పలుక్కోవడం అనుకో.

ఏమైందంటే, ఊరి పెద్దమనుషులు కూసోని, ఆ పిల్ల తల్లి మారెక్క ఇంకా వయసులో ఉండాది, సేద్యం ఒక్కతే ఈడ్చలేదు అని, గిడ్డయ్య అనే ఆయప్పను వేరే ఊరినుంచి తెచ్చి మారుమనువు చీర పెట్టించినారు. గిడ్డయ్య చెడ్డోడని నేను చెప్పను. తాగడు, పెండ్లాన్ని కొట్టడు, పనిలో రాక్షసుడు. కానీ వాళ్ల పక్క ఒక కట్టుబాటు ఉండె. మారుమనువు జరిగిన ఇంట్లో ముందాయన పేరు ఎవురూ పలకగూడదంట. పలికితే సచ్చినోడు తన్ను పిలిసినారనుకొని వచ్చి గడపలో కూసుంటాడంట, కొత్త మొగుణ్ణి బతకనీడంట. అందుకని వచ్చిన మర్నాడే గిడ్డయ్య, ఇంట్లో గానీ మడికాడ గానీ ఆ పేరు నాకు ఇనపడగూడదు, ఎదిగిన పిల్ల బాయిగడ్డన పాడింది ఇంక సాలు, కపిల నేను తోలుకుంటా అన్నాడు. భయమని చెప్పుకుంటే మొగతనం పోతుంది గదా, అందుకని అరిసి చెప్పినాడు. సుంకులమ్మ, తోలుకో పో, చూస్తా అని మడి గట్టున గెనెం మీద కూసునింది.

గిడ్డయ్య మోకు మీద కూసున్నాడు, ఎడ్లు పల్లానికి పోయినాయి, నీళ్లు పడినాయి. ఇప్పుడు పాట గదా. ఆయప్ప పాటంతా అట్లే పెట్టుకొని పేరొక్కటి మార్చినాడు. ఎనక్కి రారా గిడ్డయ్య పిలిసె. ఎడ్లు నెమరేస్తా నిలబడినాయి. గిడ్డయ్య ఎవురో వాటికేం తెలుసు. మళ్లా పాడె, మళ్లా నిలబడె. ఇంక ఆయప్పకు కోపం నెత్తికెక్కి చెర్నాకోల ఎత్తినాడు చూడు, ఆ పిల్ల ఒక్క దూకు దూకి చెర్నాకోల కొస పట్టుకునింది.

"మా నాయన వీటిని ఒక్క దెబ్బ కొట్టింది లేదు. నువ్వు కొట్టాలంటే ముందు నన్ను కొట్టు."

గిడ్డయ్య కొట్టలేదు. చెర్నాకోల ఇసిరేసి, మాట ఇనని ఎడ్లు నాకెందుకు, వచ్చే సంతకు తోలకపోయి అమ్మేస్తా, కొత్తవి తెచ్చి నా పాట నేర్పుకుంటా అన్నాడు. ఆ మాటకు ఆ పిల్ల మొగం చూడాల. నాయన పోయె, నాయన పేరు పోయె, ఇంక నాయన చేత్తో సాకిన ఎడ్లు కూడా పోతాయంటే ఇంట్లో ఆయనది మిగిలేదేముంది? మారెక్క నలిగిపోయింది నడుమ. బిడ్డ తలకు నూనె రాస్తా, చిన్నాయనా అని ఒక్కసారి పిలువు తల్లీ, ఆయప్ప మెత్తబడతాడు అని బతిమాలింది. నోరు రాదుమా అనింది పిల్ల. కపిల ఆగిపోయి మడిలో రాగి పైరు ఆకు ముడుసుకుంటా ఉండాది.

సంత రోజు రానే వచ్చె. గిడ్డయ్య ఎడ్లకు నీళ్లు పోసి, కొమ్ములకు నూనె పూసి తోలకపోయినాడు. ఎనకాలే దూరంగా సుంకులమ్మ. సంతలో ఒక రెడ్డి వచ్చి పండ్లు చూసినాడు, తోక చూసినాడు, జత బాగుండాది, కాడి కట్టి నడిపించు చూస్తాం అన్నాడు. గిడ్డయ్య కాడి కట్టి హై అన్నాడు, ఎడ్లు ముందుకు అడుగేసినాయి. అప్పుడు చింతకాయల గంపల ఎనకనుంచి పాట లేసింది. ఎనక్కి రారా కంబన్న పిలిసె. అంతే. కర్రిగాడూ బూడిదోడూ ఎనక్కి నడుస్తా ఉండాయి. గిడ్డయ్య ముక్కుతాడు పట్టుకొని ముందుకు ఈడుస్తాడు, అవి ఎనక్కి పోతాయి, ఆయప్పను కూడా ఈడ్చకపోతాయి. బెల్లం అంగడోడు తట్ట ఎత్తుకొని పక్కకు దూకె. రెడ్డి పడీపడీ నవ్వి, ఏమప్పా, ఈ ఎడ్లతో దున్నితే ముందుకు తీసిన చాలు ఎనక్కొచ్చి మళ్లా పూడుస్తాయే అని పోయినాడు. ఇంకొకడు వచ్చె, మళ్లా పాట లేసె. ఇంకొకడు వచ్చె, మళ్లా పాట. పొద్దు వాలేసరికి సంతంతా ఎద్దుల్ని ఇడిసిపెట్టి గిడ్డయ్యను చూసేకి వస్తా ఉండె. గొంతు బొంగురుపోయినా ఆ పిల్ల ఆపలేదు.

ఇంటికి తిరిగొచ్చేటప్పుడు ఇద్దరూ దోవకు చెరొక పక్క నడిసినారు. బాయికాడికి వచ్చినాక గిడ్డయ్య గడ్డన కూలబడి, ఎండిన మడి దిక్కు చూస్తా, ఆ పాట నువ్వే పాడుకో, నాకు ఇనపడకుండా నేను పొద్దుగాలే కొండకు పోతా అన్నాడంట. అప్పుడర్థమైంది ఆ పిల్లకు, ఈ మనిషిది పొగరు కాదు, భయం అని. అయినా ఇడిసిపెట్టిందా? లే.

"నేనెందుకు పాడాల? కపిల నేను తోలుకుంటా అన్నింది నువ్వు. నువ్వే పాడు. పేరుతో పాడు."

ఆయన వచ్చి గడపలో కూసుంటే ఎట్ల అన్నాడు గిడ్డయ్య, గొంతు తగ్గించి.

"కూసోనీ. ఆ గడప పెట్టించింది ఆయనే. పైరు ఎండుతుంటే మా నాయన వచ్చి నీళ్లు తోడతాడు గానీ, నిన్ను పట్టుకొని ఏం చేసుకుంటాడు?"

గిడ్డయ్య లేసినాడు. ఎడ్లను కట్టి, మొదట నోట్లోనే గొణిగినాడు. ఎడ్లు కదల్లే. కొంచెం గట్టిగా అన్నాడు. చెవులు ఆడించినాయి, అంతే. ఇంక కండ్లు మూసుకొని, వస్తే రానీ అనుకొని, కడుపులోనుంచి ఎత్తినాడు. ఎనక్కి రారా కంబన్న పిలిసె. ఎడ్లు ఎనక్కి నడిసినాయి, బొక్కెన దిగింది. మడిలో మారెక్క కాలవ తిప్పుతా, ముందాయన పేరు ఈ మొగుని నోట ఇని, కొంగు నోట్లో కుక్కుకొని గెనెం మీద కూసోనింది. ఏడ్సిందా నవ్విందా అంటే, రెండూ అనుకో.

కాడి ఇప్పేటప్పుడు సుంకులమ్మ ఒక ముక్క తానే కట్టి చేర్చింది. మేతకు పోరా గిడ్డయ్య ఇడిసె. అని తౌడు పెట్టింది. దినామూ అట్లే. నా పేరెందుకు పెడితివే అని గిడ్డయ్య అడిగితే, ఎడ్లకు తెలియాల గదా నువ్వెవురో అనిందంట.

కంబన్న వచ్చి గడపలో కూసున్నాడో లేదో నాకు తెలీదు. గిడ్డయ్య మాత్రం గడప దాటేటప్పుడు కొంచెం పక్కకు జరిగి దాటేవాడంట, కూసున్నోనికి కాలు తగలకుండా. మళ్లా ఆ పిల్ల నాయనా అని పిలిసిందా అని మీ నోట్లోనే ఉండాది, నాకు తెలుసు. పిలవలే. పెండ్లై పోయి, బిడ్డను సంకనేసుకొని వచ్చినప్పుడు కూడా, యాడమా నీ మొగుడు అనే తల్లిని అడిగేది. ఇదో వస్తి అని ఆయప్పా లోపలనుంచి పలికేవాడు. దినామూ బాయిగడ్డన ఇంకొకని పేరెత్తి నీళ్లు తోడుకున్న మొగోడు, ఒక పిలుపు కోసం ఏడుస్తాడా? ఎవురిది తప్పో, ఎవురిది ఒప్పో మీరు తన్నుకోండి. ఎడ్లనడిగితే మాత్రం గిడ్డయ్య పేరే బాగుండాది అంటాయి. ఆ పేరు తర్వాత తౌడు వస్తుంది గదా.