బిషప్ మూతికి నెత్తురు

జులై నెల, అక్కడ గట్టి చలికాలం. ఆస్ట్రేలియాలో, విక్టోరియా రాష్ట్రానికి పడమటి దిక్కున ఒక గొర్రెల ఊరు. తెల్లవారుతోంది. గ్లెనిస్ ఇంట్లో బట్టలుతికే గది. అక్క గ్లెనిస్, చెల్లెలు నోరీన్, తొట్టిలో బిషప్ అనే ఒక పెద్ద తెల్ల కుక్క.

"తలుపు వెయ్యి నోరీన్. ముందు తలుపు వెయ్యి, తర్వాత అడుగు."

"వేశాన్లే అక్కా. ఏమైంది వీడికి? ఆ ఎరుపేంటి? ఎక్కడ గీసుకున్నాడు?"

"గీసుకోలేదు."

"మరి ఆ నెత్తురు?"

"వాడిది కాదు. కాళ్ళు చూశాను, చెవులు చూశాను, పొట్ట కింద కూడా చూశాను. ఒక్క గీత లేదు. ఆ సబ్బు ఇటియ్యి."

"వాడిది కాకపోతే ఎవరిది?"

"సబ్బు ఇయ్యమన్నానా."

"ఎవరిదక్కా?"

"రాత్రి కంచె కింద తవ్వేశాడు. నేను దూరేంత గొయ్యి. ఆల్బీ వైపుకి."

"ఆల్బీ క్రౌజ్ వైపుకా? ఆ బీట్లో గొర్రెలు ఈనుతున్నాయి కదా."

"నాకు తెలీదనుకున్నావా? మూతి పట్టుకో. కదలనివ్వకు."

"అక్కా, ఇందాక తుపాకీ పేలింది. కలేమో అనుకున్నాను."

"కల కాదు. నేనూ విన్నాను. అది పేలిన కాసేపటికే వీడొచ్చి వంటింటి గుమ్మం ముందు నిలబడ్డాడు. అప్పట్నుంచీ ఇదే వణుకు. చెయ్యి పెట్టి చూడు."

"వీణ్ణే కాల్చాడేమో. గురి తప్పిందేమో."

"ఆల్బీకా గురి తప్పేది? ఆ కంచె పొడుగునా వేలాడే నక్కలు వాటంతట అవే ఎక్కి కూర్చున్నాయా?"

"కిందటేడు ఆ నక్కల మధ్య ఒక కుక్క కూడా వేలాడింది. మెడకి పట్టీ అలాగే ఉంది. అప్పట్నుంచీ నేను ఆ దారిన రావడం మానేశాను."

"నోరు ముయ్యి."

"సొంత కుక్క, ఆ టిప్‌నే కాల్చుకున్న మనిషి, మన బిషప్‌ని వదులుతాడా?"

"నోరు ముయ్యమన్నానా. ఈ ఊరి పద్ధతి నువ్వు నాకు చెప్పాలా? గొర్రె నెత్తురు మరిగితే ఎవరి కుక్కని వాళ్ళే కాల్చుకోవాలి. మన నాన్న కాల్చలేదా? పొరుగువాడొచ్చి సంగతి చెప్తాడు. టోపీ తీసి, పక్కకి తిరిగి నిలబడతాడు. అదీ ఇక్కడి మర్యాద."

"నీ దగ్గర తుపాకీ లేదుగా."

"అదే నా భయం. తనది తెచ్చి నా చేతికిస్తాడు."

"ట్రిష్‌కి ఫోన్ చేద్దాం. కుక్కల్ని కాపాడే సంస్థ వాళ్ళే కదా వీణ్ణి నీ దగ్గర పెట్టింది. వాళ్ళే చూసుకుంటారు."

"ఏం చూసుకుంటారు? ఇప్పటికి ముగ్గురు వీణ్ణి తిప్పి పంపారు. రాత్రంతా మొరుగుతాడని ఒకళ్ళు. కంచె లోపల ఆగడని ఒకళ్ళు. ఆ మూడో ఆవిడైతే, సోఫా మీదికి రమ్మంటే రాడు, ఒళ్ళో తల పెట్టడు, ఇదేం కుక్క అని ఏడ్చిందట. ఇదే ఆఖరుసారి అని ట్రిష్ తేల్చి చెప్పింది. ఇవాళ మధ్యాహ్నం జిలాంగ్ పట్నం నుంచి మొగుడూ పెళ్ళాం వీణ్ణి చూడ్డానికి వస్తున్నారు. నచ్చితే ఇల్లు. నచ్చకపోతే ప్రాణం తీసే సూది."

"గొర్రెని చంపాడని తెలిస్తే?"

"వాళ్ళు రాకముందే సూది."

"ఎవరికీ చెప్పం. ఎవరికీ చెప్పం అక్కా. ఆ చెవి వెనకాల ఇంకా ఉంది, రుద్దు."

"నిన్న రాత్రి గొలుసు వేద్దామనుకున్నాను. గొలుసు చూసి వెనక్కి వెనక్కి వెళ్ళి మూల నక్కాడు. నాకు చేతులు రాలేదు. నా వల్లే చస్తాడు వీడు."

"చావడు. ఇప్పుడే నా కారెక్కించు. తీసుకెళ్ళి జిలాంగ్‌లో వాళ్ళ గుమ్మంలోనే దింపేస్తాను."

"ఒళ్ళంతా తడి. ఈ చలిలో..."

"అక్కా."

"ఏంటి?"

"బండి చప్పుడు."

"పాల బండేమో."

"సైలెన్సర్ ఊడిపోయిన బండి ఊళ్ళో ఆల్బీ ఒక్కడిదే."

"స్నానాల గదిలో పెట్టు. వీణ్ణి స్నానాల గదిలో పెట్టి గడియ వెయ్యి. తొట్టిలో నీళ్ళు వదిలెయ్యి, ఎర్రగా ఉన్నాయి. రేడియో, రేడియో పెద్దగా పెట్టు. రా నాన్నా, రారా బిషప్, అరవకురా. నీకు దణ్ణం పెడతాను."

"గ్లెనిస్. లేచావా?"

"లేచాను ఆల్బీ. ఏంటీ, ఇంత పొద్దున్నే? చలి బాగా ఉంది కదా."

"ఉంది. బీడంతా మంచు పేరుకుంది."

"టీ తాగుతావా? నోరీన్, ఆల్బీకి టీ పెట్టు."

"టీ తర్వాత. నీ తెల్ల కుక్క ఏదీ?"

"ఏ తెల్ల కుక్క?"

"నీకెన్ని తెల్ల కుక్కలున్నాయి గ్లెనిస్?"

"ఓ, బిషప్పా. లేడు. నిన్ననే పంపేశాం. జిలాంగ్ వాళ్ళు తీసుకెళ్ళారు. మంచివాళ్ళు. కదూ నోరీన్?"

"చాలా మంచివాళ్ళు. పెద్ద సోఫా ఉందట."

"మరి లోపల మొరిగేదెవరు?"

"రేడియో."

"రేడియో మొరుగుతోందా?"

"కుక్కల పందేలు వస్తున్నాయి ఆల్బీ."

"నోరీన్, నువ్వు చిన్నప్పుడు కూడా ఇంతే. అబద్ధం ఆడితే చెవులు ఎర్రబడతాయి. గ్లెనిస్, నీ చొక్కా మీద ఆ మరకేంటి?"

"బీట్‌రూట్."

"ఇంత పొద్దున్నే?"

"ఆల్బీ, నీ చంకలో ఆ గోనె ఏంటి?"

"దీని గురించే వచ్చాను. నా బీట్లోంచి తెచ్చాను. ఇది నీ చేతికే ఇవ్వాలి."

"నేను చూడను. నాకు చూపించకు. ఎన్ని చచ్చాయి?"

"ఒకటి. తల్లి గొర్రె."

"అయ్యో."

"తెల్లారకముందు టార్చి వేసుకుని తిరుగుతుంటే కనిపించింది. పక్కనే నీ వాడు. మూతి నిండా నెత్తురు."

"ఆల్బీ, విను. బళ్ళో నీ పక్క బల్ల మీద కూర్చున్నదాన్ని, ఎప్పుడూ నిన్నొకటి అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. వాణ్ణి మధ్యాహ్నానికల్లా ఈ ఊరు దాటించేస్తాను, మళ్ళీ నీ కంట పడడు. నేను చెయ్యలేను ఆల్బీ. నాన్న ఆ రోజు తిరిగొచ్చి ఎలా కూర్చున్నాడో నేను చూశాను. తుపాకీ మాత్రం నా చేతికివ్వకు."

"తుపాకీ బండిలో ఉంది."

"నీకు పుణ్యం ఉంటుంది, వద్దు."

"గ్లెనిస్, ముందు చేతులు చాపు. నాకు పట్టు జారిపోతోంది."

"వద్దన్నానా."

"అక్కా. అక్కా, గోనె కదులుతోంది."

"ఏంటి?"

"గోనె కదులుతోందక్కా."

"పట్టుకో గ్లెనిస్. తల కింద చెయ్యి పెట్టు. ఆఁ, అలాగ."

"ఇది... ఇది బతికే ఉంది."

"రాత్రి పుట్టింది. తల్లి ఈనుతూనే చచ్చిపోయింది. దాని ఒంటి మీద గాటు లేదు, తిప్పి తిప్పి చూశాను. నీ వాడి మూతికున్నది ఈనినప్పటి నెత్తురు. పిల్లతో పడ్డ మాయ తినేసి, పిల్లని నాకి, శుభ్రం చేసి, చుట్టూ చుట్టుకుని పడుకున్నాడు. లేకపోతే ఈ మంచులో ఇదెక్కడ బతికేది?"

"నువ్వు చూశావా?"

"చూశాను. ముందు నెత్తురే చూశాను గ్లెనిస్. గురి పెట్టాను. వేలు కూడా పెట్టాను. అప్పుడు వాడి పొట్ట కిందనుంచి ఇది తల బయటపెట్టింది."

"అమ్మా."

"తుపాకీ దించేశాను. అక్కడే మంచులో కూలబడ్డాను. వాడేమో నన్ను కాదు, నా వెనక్కి చూసి మొరుగుతున్నాడు. తిరిగి చూస్తే నక్క. పేలింది దాని మీదే. ఆ చప్పుడుకి మీ వాడు జడుసుకుని ఇటు పరిగెత్తాడు."

"మేమేమో..."

"టిప్ గుర్తుకొచ్చింది. టిప్‌ని కాల్చేముందు నేను ఇలా ఒక్క నిమిషం ఆగి చూడలేదు. వదిలెయ్యి. ఇది సీసా పాలు తాగట్లేదు. బండిలో హీటర్ పక్కన పెట్టినా అరుపే. వాడి కోసమే అనుకుంటున్నాను. వాణ్ణి బయటికి తీసుకురా."

"ఇంట్లో పెంచుకునే రిట్రీవర్ అన్నారు ఆల్బీ వీణ్ణి. సంస్థ వాళ్ళంతా రిట్రీవర్ అనే అన్నారు."

"ఎవరన్నారు? ఆ తలకాయ, ఆ బొచ్చు నేను చూడలేదా? వీడు మరెమ్మా అనే కుక్క. గొర్రెల మధ్య పడుకుని కాపలా కాసే జాతి. వీణ్ణి సోఫా ఎక్కించాలని చూశారా మీరు?"

"ముగ్గురు చూశారు. నాలుగోవాళ్ళు దారిలో ఉన్నారు."

"నీ చేతులకి ఏంటీ వాసన?"

"లావెండర్. ఆ సబ్బుతో వాణ్ణి కడిగేశాం. నెత్తురు కనపడకూడదని."

"ఒళ్ళంతానా?"

"ఒళ్ళంతా. రెండుసార్లు."

"అయ్యో గ్లెనిస్. వాడి అసలు వాసన పోతే ఈ పిల్ల వాణ్ణి గుర్తుపట్టదు. ఇంకెవరి దగ్గరా తాగదు. ఇప్పటికే పొట్ట ఖాళీ."

"నేను... భయపడ్డాను ఆల్బీ."

"తెలుసు. తలుపు తియ్యి. నేను వెనక్కి జరుగుతాను, నన్ను చూస్తే రాడు."

"రా బిషప్. రా నాన్నా. ఏం లేదురా."

"కదలట్లేదక్కా."

"పిల్లని కింద పెట్టు. గోనె తీసెయ్యి."

"నిలబడింది. నిలబడింది చూడు. అయ్యో, పడిపోయింది."

"ముట్టుకోకు నోరీన్."

"అరుస్తోంది ఆల్బీ. వాడి వైపు చూడట్లేదు."

"ఆగు."

"వాణ్ణి వాసన చూసి మొహం తిప్పేసుకుంది. నేనే పాడు చేశాను. చేతులారా నేనే..."

"ఆగమన్నానా. వాణ్ణి చూడు."

"పడుకుంటున్నాడు. అక్కా, నేల మీద, దాని చుట్టూ పడుకుంటున్నాడు. తడి ఒంటితోనే."

"నాకుతున్నాడు."

"అరుపు ఆగింది."

"పొట్ట కిందకి దూరుతోంది. ఆఁ. అదీ. అదీ సంగతి. గ్లెనిస్, సీసా నా కోటు జేబులో ఉంది. వాడు పక్కనుండగానే పట్టు. మెల్లిగా."

"తాగుతోంది ఆల్బీ."

"తాగనీ. ఏడవకు."

"ఏడవట్లేదు. సబ్బు కంట్లో పడింది."

"ఇద్దరికీ పడ్డట్టుంది."

"ఆల్బీ, వీణ్ణి నువ్వే తీసుకెళ్ళేట్టుంటే ముందే చెప్తున్నాను, తర్వాత మమ్మల్ని అనకు. వీడు ఇంట్లో ఉండడు. ఒళ్ళోకి రాడు. రాత్రంతా మొరుగుతాడు."

"మొరగాలి నోరీన్. నిన్న రాత్రి వాడు మొరిగాడు కాబట్టే నా బీట్లో ఒక్క పిల్లా పోలేదు."

"ఆ జిలాంగ్ వాళ్ళు ఈపాటికి బయల్దేరి ఉంటారు. పాపం, అంత దూరం నుంచి. వాళ్ళకేం చెప్పను ఆల్బీ?"

"టీ ఇచ్చి కూర్చోబెట్టు. కుక్కకి ఉద్యోగం దొరికిందని చెప్పు. నా బీట్లో రాత్రి డ్యూటీ, ఇవాళే చేరుతున్నాడు."