దీనమ్మ ఫొటోలో బొట్టు

“అమ్మమ్మా, హూ ఈజ్ షీ? వై ద బొట్టు? మనం క్రిస్టియన్స్ కదా!”

ప్రెస్‌లోంచి, అదే ఆ అలమారలోంచి తీశావా దాన్ని? అంచులు పట్టుకో. మీ అమ్మ టాలట్ ఆస్పత్రి డ్యూటీ నుంచి వచ్చేలోపు మళ్ళీ పెట్టెయ్యాల. మా నాయనమ్మ, దీనమ్మ. ఒంగోల్లో మిషన్ బడి పంతులమ్మ. ఆ బొట్టు తను పెట్టుకుంది కాదమ్మా.

బడి చూసే దొరసాని ముసలిదై వాళ్ళ దేశం పోతా, మనముండే ఈ ఐర్లండ్ కాదులే, ఇంకేదో, నాయనమ్మని హెడ్మిస్ట్రెస్ చెయ్యమంది. మనోళ్ళలో ఆడమనిషికి అంత పెద్దరికం అదే మొదలు. హెడ్డు ఫొటో హాల్లో తగిలించటం ఆ బడి పద్ధతి. సరే, మా తాతని ఎంటబెట్టుకొని స్టూడియోకి పోయింది. ఫొటో ఆయనేమో కుర్చీ తాతకి ఏశాడంట. ఆడోళ్ళు ఎనక నిలబడాల గదా అప్పట్లో. “ఫొటో నాకండీ, ఆయన తోడొచ్చాడు” అని తనే కూర్చుంది. తాత ఎటూ మెత్తన, గుమ్మం కాడికి పోయి నిలబడ్డాడు. మీ మావయ్యకి ఆ మెత్తదనమే వచ్చింది.

ఫొటో వచ్చింది. చూస్తే నుదుట ఇంత బొట్టు! ఫొటోలకి కుంచెతో మెరుగులు దిద్దేవాళ్ళులే. “అయ్యగారు నిక్షేపంలా ఉంటే నుదురు బోసిగా ఎట్టా వదిలేస్తానమ్మా” అన్నాడంట ఫొటో ఆయన. పాపం, మంచికే చేశాడు.

చర్చి పెద్దలు ఊరుకుంటారా? ఈమె వెనక్కి, పాత మతంలోకి పోయింది, బడి ఎట్టా ఇస్తామని ఒకటే గోల. ఇంక ఆ ఉద్యోగం పోయినట్టే. ఆదివారం ఆరాధన అయ్యాక, ఆడోళ్ళు చాపల మీద నోరెత్తని రోజులమ్మా అయ్యి, నాయనమ్మ లేచి, ఫొటో తన మొహం పక్కన పెట్టుకొని నిలబడింది. “బొట్టు బొమ్మకుంది, నాకు లేదు. బడి చూసేది బొమ్మా, నేనా?” అంది. పెద్దలు సరే అనక తప్పలా. నాకిప్పటికీ ఒళ్ళు పులకరిస్తది.

సోమవారం పోయి పనిలో చేరింది. ఫొటో మళ్ళీ తీయిద్దామంటే “తీరిక లేదు” అంది. అట్టానే తగిలించారు.

ఇంక విను. మిషన్ బడంటే ఆడపిల్లల్ని పంపనోళ్ళు, ఆ ఫొటో చూసి, మనలో మనిషేలే అని తీసుకొచ్చారు. నాయనమ్మ దాచలా. “నేను క్రైస్తవురాలినండీ, బొట్టు ఫొటో ఆయన పెట్టాడు” అని ప్రతివాళ్ళకీ చెప్పేది. ఆ మాట అయ్యేలోపు పిల్ల పలక పట్టుకొని పక్కపిల్లతో కబుర్లాడతా ఉండేదంట. “సర్లెండి, కూర్చుంది గదా” అని వదిలేసి పోయేవాళ్ళు.

దేవుడు నీకూ ఆ నోరు ఇయ్యాల, తల్లీ.