అప్పుకి బదిలీ

మిషను చప్పుడులో వదిన మాట దర్జీకి సగమే వినబడింది.

"బదిలీయా? సొంత కొట్టువాణ్ణి, నన్నెవడు బదిలీ చేస్తాడు వదినా?"

"నిన్ను కాదు మరిదీ, నీ అప్పుని! ఈ మిషను కొన్న క్రెడిట్ కార్డు మీదున్న అరవైవేలూ కొత్త కార్డుకి మార్చుకుంటే ఆర్నెల్లు వడ్డీ లేదట."

"ఊరికేనా?"

"మార్చినందుకు ఒక్కసారి పద్దెనిమిది వందలు."

"పాత కార్డు వడ్డీ నెలకే అంత!"

"అదే చెప్తున్నా. నెలకి పదివేలు తీర్చినా పాతదాని వడ్డీ మొత్తం ఆరువేల మూడొందలు."

దర్జీ మిషను ఆపేశాడు. "మరి కొత్త కార్డువాడికి ఏం మిగులుతుంది?"

"ఒక్క వాయిదా తప్పితే వడ్డీ మొదలు. నీలాంటివాళ్ల మీదే వాడి ఆశంతా."

"రెండ్రోజులు అటూ ఇటూ అయితే ఏమనడులే. శుక్రవారమంటే సోమవారమనేగా!"

"అది నీ కొట్టులో!"

గడువు దాటినా చేతులు కుట్టని పదకొండు చొక్కాలు గోడకి వేలాడుతున్నాయి. దర్జీ వాటివంక చూసి నీరుగారిపోయాడు.

"అయితే నాకు కుదరదు వదినా."

"కుదురుతుంది. ప్రతి ఐదో తారీఖునా నీ ఖాతాలోంచి వాళ్లనే కోసుకోమని ఈ కాగితం మీద సంతకం పెట్టు. అప్పటికి అందులో పదివేలుంటే చాలు."

"బావుంది! కోత వాళ్లది, కుట్టు నాదీనా?"

సణుగుతూనే సంతకం పెట్టి, గోడమీంచి మొదటి చొక్కా దించాడు.